మానిటరు ముందు మా అమ్మ

మా అమ్మ పైడమ్మ చేసిన ఉద్యోగానికి పేరు లేదు. మా తమ్ముడు శివాజీ రాయపూర్ షాపుల్లో సీసీ కెమెరాలు బిగిస్తాడు. వాడు నిచ్చెనెక్కి కెమెరా పట్టుకుంటే, ఆవిడ కింద మానిటరు ముందు కుర్చీ వేయించుకుని కూర్చుని, ఫోన్లో దారి చెప్పేది. "ఎడమకి. ఇంకొంచెం. అబ్బ, అంత కాదురా. తల దించు. ఆఁ, గుమ్మం కనబడతంది. బిగించీ." ఆవిడ బిగించమన్నాకే వాడు స్క్రూ బిగించేవాడు. ఆరేళ్ళు ఇలాగే సాగింది. దేవేంద్ర నగర్ నుంచి శంకర్ నగర్ దాకా ఎన్ని గోడల మీద కెమెరాలు ఇవాళ్టికీ మా అమ్మ చెప్పిన వైపే చూస్తున్నాయో నాకు తెలియదు.

మాది విజయనగరం వైపు. నాన్న ఇక్కడి వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరుగా చేరారు, నేనూ తమ్ముడూ రైల్వే క్వార్టర్లోనే పుట్టాం. నాన్న పోయాక ఇంట్లో ఒక్కత్తీ కూర్చోలేక అమ్మ శివాజీ వెంట షాపులకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాదు, ఆ గుణం నాకూ వచ్చింది, వాడికి రాలేదు. ఆవిడ హిందీలో ఆడామగా తేడా ఉండేది కాదు. మీసాలున్న సేఠ్‌లని కూడా ఆడవాళ్ళని చేసి మాట్లాడేది. వాళ్ళు నవ్వుకుని, 'అమ్మాజీ' అంటూ టీ తెప్పించేవారు.

ఏ షాపులోనైనా ఆవిడ మొదటి మాట "కదుపు" అనే. దాని వెనక ఒక అరగంట చాకిరీ ఉంది. ఒకసారి ఒక బట్టల షాపులో శివాజీ నిచ్చెన మీద కెమెరాని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు, కింద అమ్మ "రాలేదు, ఇంకా రాలేదు" అంటూనే ఉంది. చివరికి ఆవిడే పట్టుకుంది. షాపులో అమ్మాయి నీలం చీరలో తిరుగుతోంది, తెర మీద అదే అమ్మాయి పసుపు చీరలో ఉంది. మానిటర్లో నడుస్తున్నది నిన్నటి రికార్డింగు. ఆ రోజు నుంచి మా అమ్మ ఏ తెరనీ ఊరికే నమ్మలేదు. ముందు కెమెరా కదపమనేది. తెరమీద బొమ్మ కదిలితేనే పని మొదలు.

ఆవిడకి ఆకాశంతో కూడా ఒక లెక్క ఉండేది. చలికాలం సాయంత్రాలు క్వార్టరు ముందు నవారు మంచం వేసి, మా ఇద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని, తూర్పున పిల్లలకోడిని చూపించేది. పంచాంగంలో కృత్తికలంటారే, ఆ చుక్కల గుంపు. ఏడూ విడివిడిగా లెక్కపెట్టగలిగితే కళ్ళు బాగున్నట్టని ఆవిడకి వాళ్ళ నాన్న చెప్పాడట. ఆవిడ ఏడూ చెప్పేది. నేను ఆరు చెప్పేదాన్ని. శివాజీ తొమ్మిది చెప్పేవాడు, వాడికి కోతలు అప్పట్నుంచే అలవాటు.

కొన్నేళ్ళకి ఆవిడ ఐదే ఉన్నాయంది. తర్వాత మసగ్గా ఉందంది. ఆ తర్వాత పిల్లలకోడే లేదంది. "ఫ్యాక్టరీల పొగమ్మా, ఎవరికీ కనబడటం లేదు" అని మేమిద్దరం తేల్చేశాం. పొగ నిజమే. కానీ అదే రోజుల్లో ఆవిడ గడప తన్నుకుని పడటం నిజమే, పక్కనుంచి వచ్చే స్కూటరు మీద పడేదాకా చూడకపోవడమూ నిజమే. నేను నయా రాయపూర్ సచివాలయంలో ఫైళ్ళలో తేదీ తప్పు పోతే పట్టుకునే మనిషిని. ఇంట్లో మనిషి కళ్ళు పోతుంటే పట్టుకోలేదు. ఈ విషయంలో నా మీద నాకున్న కోపం ఇంకా పోలేదు.

డాక్టరు నీటికాసులని, అంటే గ్లాకోమా అని చెప్పాడు. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంటికి నడిమధ్యన కొంచెం మిగిలింది, చేతి గాజులోంచి చూసినంత మేర. చుట్టూ ఏముందో ఆవిడకి తెలియదు. చుక్కల మందు వేస్తూ ఒక ఏడాది నెట్టాం, మానిటరు పని మాన్పించాం. రెండువేల పదిహేడు డిసెంబరులో డాక్టరు, కంట్లో ఒత్తిడి మందుకి లొంగటం లేదు, సోమవారం ఆపరేషన్ చేద్దామన్నాడు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టడానికే చేస్తున్నాం, అది కూడా నిలుస్తుందని మాట ఇవ్వలేను అన్నాడు. ఉన్నమాట మొహం మీద చెప్పినందుకు ఆయన మీద కోపమొచ్చింది, మంచివాడే పాపం.

ఆటోలో వస్తూ అమ్మ అంది: "సోమవారం లోపల పిల్లలకోడిని ఒక్కపాలి సూడాలని ఉందిరా."

మా అమ్మ నోరు తెరిచి ఏదీ అడిగిన మనిషి కాదు. ఆటో దిగాక శివాజీ, "సూపిస్తానమ్మా" అన్నాడు.

వాడి దగ్గర టెలిస్కోప్ ఉంది. రెండేళ్ళ ముందు ఒక ఇంజనీరింగు కుర్రాడి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. దాని గొట్టానికి అమ్మ ఒకసారి కన్ను పెట్టి చూసింది. మెడ వంగదు, వంగినా ఆ చిన్న అద్దం ఆవిడకి మిగిలిన చూపు ఎదురుగా నిలవదు. "సీకటి బొక్కలో ఇంకో సీకటి బొక్క" అని వచ్చేసింది. అందుకని వాడు చీకటి గోడౌన్లలో పెట్టే ఒక కెమెరా తీసుకుని, దాని లెన్సు ఊడదీసి, లేతు మీద చిన్న గొట్టం చేయించి, మనం కన్నుపెట్టే చోట దాన్ని దూర్చాడు. ఆ కెమెరాకి ఒక గుణం ఉంది. వెలుతురు చాలకపోతే ఒక్కో బొమ్మకీ సెకను, రెండు సెకన్లు, ఇంకా ఎక్కువసేపు వెలుతురు పోగుచేసి చూపిస్తుంది. కంటికి ఆనని చుక్కలు కూడా టీవీలో దిగుతాయి. మొదటిసారి వాడు ఓరియన్ నెబ్యులా, చుక్కలు పుట్టే మేఘం అని చెప్పి టీవీలో బూడిదరంగు మరక ఒకటి చూపించాడు. నేను "అద్దం తుడవరా" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఊళ్ళో దీపాల మధ్య పని జరగదని శనివారం మధ్యాహ్నం అమ్మనీ సరంజామానీ నయా రాయపూర్లో నాకిచ్చిన ఆఫీసు క్వార్టరుకి చేర్చాడు. అక్కడ రోడ్లు వెడల్పు, మనుషులు తక్కువ, సాయంత్రం ఆరు దాటితే కుక్కలు కూడా విసుగ్గా తిరుగుతాయి. టెలిస్కోప్ పైన డాబా మీద, కేబులు గోడ వెంట కిందికి, కింద మా హాల్లో టీవీ, టీవీకి అడుగు దూరంలో అమ్మ కుర్చీ. మధ్యలో ఫోను. వాడికి తెలిసిన పద్ధతి అదొక్కటే.

ఎండ ఉండగానే వాడు కెమెరా ఫోకస్ చేశాడు. వీధి చివర నీళ్ళ ట్యాంకు మీద పెట్టి, దాని మీద అక్షరాలు స్పష్టంగా వచ్చేదాకా నాబ్ తిప్పాడు. అమ్మ తెరకి ముక్కు ఆనించి చూసి బిగించమంది. వాడు బిగించాడు. అక్కడితో ఆగితే వాడు మా తమ్ముడు కాదు. షాపుల్లో బూజు దులిపేవాళ్ళ చీపురు తగిలి కెమెరాలు కదిలిపోతుంటాయని వాడు ప్రతి కీలుకీ ఎం-సీల్ ముద్ద పెడతాడు. ఆ అలవాటు కొద్దీ టెలిస్కోప్ నాబ్‌కీ, కెమెరా గొట్టానికీ కూడా మందంగా ముద్ద పెట్టి, తడి వేలితో నున్నగా చేసి, గర్వంగా కిందికి దిగి టీ తాగాడు.

ఏడు గంటలకి తూర్పున పిల్లలకోడి బాగా పైకొచ్చింది. నా కంటికి ఐదు కనబడ్డాయి. వాడు పక్కనుండే చిన్న గురిగొట్టంలోంచి చూసి టెలిస్కోప్ దానికి గురిపెట్టాడు. టీవీలో గుండ్రంగా, తెల్లగా, ఇంతింత బిళ్ళలు తేలాయి.

అమ్మ "కదుపు" అంది. బిళ్ళలు కదిలాయి. "నిజిమే గాని, ఇయ్యి సుక్కలేటిరా, అప్పడాలలగున్నాయి."

సీసీ కెమెరా బిగించేవాడికి దూరమంటే వీధి చివర. చుక్కలు నీళ్ళ ట్యాంకు కన్నా కొంచెం దూరమని వాడికి ఆ సాయంత్రం తెలిసింది, ఓరియన్ ఎందుకు మరకలా వచ్చిందో నాకు తెలిసింది. నాబ్ రవ్వంత తిప్పితే సరిపోయేది, కానీ ఎం-సీల్ అప్పటికే రాయి అయిపోయింది. నేను డాబా మీదికెక్కి వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. పక్క క్వార్టరులో ఉండే మా సెక్షన్ ఆఫీసరుకి తెలుగు రాకపోవడం నా అదృష్టం. వాడు గట్టిపడిన ముద్దని గోటితో గీకుతూ, చివర్న "రేపుంది కదప్పా" అన్నాడు; మా వైపు అప్పంటే అక్క. కింద అమ్మ కూడా అదే మాటంది, మందు వేయించుకుని పడుకుంది.

ఆదివారం పొద్దున్నుంచీ వాడు హ్యాక్సా బ్లేడు ముక్క పెట్టి ఎం-సీల్ చెక్కుతూ కూర్చున్నాడు. అన్నం దగ్గర చూస్తే వేళ్ళ కణుపులు రెండు చోట్ల చిట్లి ఉన్నాయి. చేతికి పసుపు రాయబోతే చెయ్యి లాక్కున్నాడు. మూడింటికి నాబ్ తిరిగింది. నాలుగింటికి మబ్బు పట్టింది.

ఆరున్నరకి ఆకాశంలో ఒక్క చుక్క లేదు. అమ్మ శాలువా కప్పుకుని, చెవులకి మఫ్లరు చుట్టుకుని టీవీ ముందు కుర్చీలో సిద్ధంగా ఉంది. పొద్దున్నే ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. శివాజీ ఫోను చేసి నన్నొక్కదాన్నే పైకి రమ్మన్నాడు.

"అప్పా, నెట్లోంచి ఒక వీడియో దించినాను. పిల్లలకోడిదే. ల్యాప్‌టాప్ టీవీకి కలిపీసినాను. నేను ఫోన్లో చెప్తాను, నువ్వు రిమోట్‌తో అది పెట్టీ. అమ్మకి తెల్దు."

వద్దనాల్సింది నేను. వాడికంటే నాలుగేళ్ళు పెద్దదాన్ని. కానీ రేపు ఆ చూపు ఉంటుందో లేదో, ఆవిడ అడిగింది ఇదొక్కటి. ఎవరో ఎక్కడో నిజంగా తీసిన పిల్లలకోడే కదా, మనది కాకపోతే ఏం అనుకున్నాను. కిందికి దిగి రిమోట్ చేతిలోకి తీసుకున్నాను.

ఫోన్లో వాడు, "వచ్చింది అమ్మా, సూడు" అన్నాడు. నేను మీట నొక్కాను.

తెర నిండా చుక్కలు. ఒక్కొక్కటీ తెల్లగా, చుట్టూ నీలం పొగ. గుంపంతా ఒకేసారి, ఏదీ తప్పకుండా. అమ్మ ముందుకి వంగి, తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకి మొహాన్ని మెల్లగా జరుపుతూ చూసింది.

"ఇంత నీలంగా ఉంటాదా" అంది.

నాకు హాయిగా అనిపించింది. మంచి పని చేశామనే అనుకున్నాను, ఒక అర నిమిషం.

"శివాజీ," అంది అమ్మ ఫోన్లోకి, "కదుపు."

ఆరేళ్ళపాటు ప్రతి షాపులో ఆవిడ నోట మొదట వచ్చిన మాట అదేనని ఎరిగిన వాళ్ళం మేమిద్దరమే. ఇద్దరికీ అది తట్టలేదు.

"బిగించీసినానమ్మా" అన్నాడు వాడు.

"ఇప్పు."

"అది కాదమ్మా..." అని నసిగాడు వాడు.

"ఇప్పమంటన్నాను కదా. ఎడమకి కొంచెం."

పైన వాడు నిజంగానే టెలిస్కోప్ తిప్పాడట, పాపం, ఏం చేయాలో తెలియక. తెర మీద పిల్లలకోడి ఉన్నచోటే ఉంది. అమ్మ నా వైపు తిరిగింది. ఇప్పుడు మనిషి ఎక్కడున్నారో ఆవిడ మొహంతో వెతుక్కోవాలి. ముందు నా భుజం, తర్వాత నా మొహం దొరికాయి.

"నీలిమా, నువ్వు కూడానా" అంది.

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలని పోట్లాడేదాన్ని.

"మబ్బు పట్టీసిందమ్మా" అన్నాడు శివాజీ ఫోన్లో. "నిన్న నేనే పాడుసేసినాను. ఇయ్యాల మబ్బు. రేపు నీకు ఆపరేసను. ఏటి సెయ్యాలమ్మా నేను."

"మబ్బుంటే మబ్బే సూపించు." అమ్మ ఫోను మొహం దగ్గరికి తెచ్చుకుంది. "నీ కెమెరాలో ఏటుంటే అది సూపించు. కళ్ళు సగం పోయినాయని నాకు ఎవులిదో బొమ్మ పెడతారేట్రా. నేను బుర్ర పోయినదాన్ని కాదు. ఉన్నది సూస్తాను. లేనిది నాకొద్దు."

నేను రిమోట్ నొక్కి కెమెరాకి మార్చాను. తెర బూడిదరంగులోకి మారింది, అక్కడక్కడ రవ్వలు.

"కదుపు" అంది. రవ్వలు ఓ పక్కకి జారాయి.

"ఆఁ. ఇది నిజిం" అని కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

ఆవిడ ఆ బూడిదరంగుని గంటకి పైగా చూసింది. నేను పక్కన కింద కూర్చుని, "తప్పయిపోయిందమ్మా" అన్నాను. "ఆడు తిన్నేదు, పట్టుకెళ్ళి పెట్టు" అంది. మా అమ్మ క్షమించడం ఎప్పుడూ అన్నంతోనే ఉంటుంది. పైకి కంచం తీసుకెళితే శివాజీ ఒక చెయ్యి టెలిస్కోప్ మీదే ఉంచి రెండో చేత్తో తిన్నాడు. నేను వాణ్ణి తిట్టలేదు, వాడు నా మొహంలోకి చూడలేదు. చలి గట్టిగా ఉంది. మఫ్లరు వాడిది, అది కింద అమ్మ చెవులకి చుట్టి ఉంది.

ఎనిమిదీ ఇరవై అయి ఉంటుంది. నేను కిందికి వచ్చేసరికి తెర నలుపెక్కుతోంది. కింద మూలన ఒక తెల్లటి రవ్వ వెలిగి ఆరింది. మళ్ళీ వెలిగింది, ఈసారి ఆరలేదు. దాని పక్కన ఇంకొకటి.

"అప్పా," అన్నాడు వాడు ఫోన్లో, "మబ్బు ఇడుతంది. అమ్మకి కనబడతందా?"

అమ్మ తెర మీద మొహం అటూ ఇటూ తిప్పింది. "ఎక్కడా? నాకేటీ కనబడ్నేదు."

చుక్కలు రెండూ తెర అంచున ఉన్నాయి. ఆవిడ చూపు మధ్యలో ఉంది. ఆవిడ వెతుక్కుంటూ మొహం అక్కడికి చేర్చేసరికి అవి కాస్త జరిగిపోతున్నాయి, భూమి తిరుగుతూనే ఉంటుంది కదా. అదీకాక ఆ కెమెరాలో పిల్లలకోడి మొత్తం పట్టదు, ఒకసారికి రెండు మూడు చుక్కలే. ఇందాకటి వీడియోలోలా గుంపంతా రాదు. రెండుసార్లు, మూడుసార్లు ప్రయత్నించి అమ్మ మెడ పట్టుకుంది.

"నా మెడ తిరగదురా" అంది. "సుక్కనే ఇటు తే."

చూపుడువేలు చాచి, తన కంటికి సరిగ్గా ఎదురుగా, టీవీ అద్దం మీద ఆనించింది. "ఇక్కడికి."

చుక్క ఎక్కడుందో ఆవిడకి తెలియదు. అది చూడగలిగింది నేను. ఆవిడ చేతిలో ఫోను నేను తీసుకున్నాను. నా జన్మలో ఎవరికీ అలా దారి చెప్పలేదు.

"శివాజీ, ఎడమకి తిప్పు."

చుక్క ఇంకా దూరం పోయింది. టెలిస్కోప్‌లో ఎడమంటే కుడట. "నువ్వు కుడంటే నేను ఎడమ తిప్పుతానప్పా, నీ కళ్ళకి ఎలగ కనబడితే అలగే చెప్పు" అన్నాడు. సరే అన్నాను. "ఎడమకి. కొంచెం. ఇంకా. ఇప్పుడు పైకి. మెల్లగా రా, మెల్లగా. అమ్మ వేలు దాకా రావాలి. ఇంకొక్క జానెడు. బెత్తెడు. ఆగు."

చుక్క వచ్చి మా అమ్మ వేలి కింద చేరింది. గోరు పక్కన తెల్లగా వెలుగు తెలుస్తోంది. "తియ్యమ్మా" అన్నాను.

ఆవిడ వేలు తీసింది.

నీలం లేదు, పొగ లేదు. నల్లటి తెర మీద ఆవగింజంత తెల్లటి చుక్క ఒకటి, సెకనుకోసారి కొంచెం అదురుతూ. ఆవిడ మొహం కదల్చలేదు. నోరు కొంచెం తెరుచుకుంది. రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని, మాకు అన్నాలు కలిపి పెట్టాక మేం తింటుంటే ఎలా చూసేదో అలా చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చేసింది. చెంగు నోట్లో కుక్కుకున్నాను.

కాసేపటికి పైనుంచి వాడు, "అప్పా, ఇంకోటి తేనా? కనబడిందా? అమ్మ ఏటంటంది?" అని అడిగాడు. "అప్పా? పలకవేటి? ఏటైంది?"

అమ్మ కన్ను తెర మీదనుంచి తీయకుండానే, నా చేతిలో ఉన్న ఫోను వైపు కొంచెం ఒరిగింది.

"ఉండరా" అంది. "సూస్తన్నాను."

వాడు పైన చలిలో నిలబడి, గురిగొట్టంలో చూసుకుంటూ, చుక్క జారిపోకుండా దానితోపాటే టెలిస్కోప్‌ని రవ్వంత రవ్వంత తిప్పుతూ, ఆవిడ కంటి ఎదుటే నిలబెట్టాడు. ఎంతసేపు నిలబెట్టాడో మేం ముగ్గురం చూసుకోలేదు.